గడప ముందు పొట్టేలు

అప్పటికే మీమూన్ దారిలో సగం దాకా దిగాడు. రాత్రి మేకలు దొర్లించిన రాళ్ళను కాలితో పక్కకు నెడుతూ, కాలికి లొంగనివాటిని వంగి రెండు చేతులా ఎత్తి లోయ అంచున పేరుస్తూ నడుస్తున్నాడు. రోజూ పొద్దున చేసే పనే. ఎవరూ చెయ్యమన్నది కాదు. పంచాయతీలాంటి కమ్యూన్‌కు కౌన్సిలర్ అంటే మీటింగులో చెయ్యెత్తి, టీ తాగి, బట్టలు దులుపుకొని వచ్చేవాడని కింది ఊళ్ళలో అనుకుంటారేమో గానీ, ఈ కొండమీద మాత్రం ఎవరి కాలికి ఏ రాయి తగిలినా తిట్లు తినాల్సినవాడు.

మనిషి పొట్టి. వయసులో ఉండగా కంచరగాడిదలు తోలేవాడు. అవి మొరాయించినప్పుడల్లా మూటలు తనే మోసి మోసి, ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి దిగిపోయింది. కాళ్ళదాకా దిగే ఉన్ని అంగీ, జెల్లాబా, అంచులు బురద పట్టి అట్టకట్టి, అడుగు వేస్తే పిక్కలకు కొట్టుకుంటాయి. చలి మొదలైందంటే ముక్కు చివర ఒక చుక్క వేలాడుతూనే ఉంటుంది. దాన్ని చేతి వెనకతో తుడుచుకోవడం అతనికి మాటల మధ్య ఊపిరి తీసుకున్నంత అలవాటు.

"ఓ కౌన్సిలరూ! కుళాయి మళ్ళీ ఎండింది!" మిద్దెమీద బార్లీ ఆరబోస్తున్న ఒకావిడ అరిచింది.

"పైవీధిలో పైపు మీద ఎవరో రాయి పెట్టుంటారు వదినా. సాయంత్రం చూస్తాను."

"చూడు నాయనా, చూడు. ఓట్లేసిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నావు!"

నవ్వేసి ముందుకు నడిచాడు. ఈ రోజు ఎవరేమన్నా అతనికి తగలదు. మలుపు దగ్గర బుల్డోజర్ వచ్చి నిలబడి ఉంది మరి.

ఆ బుల్డోజర్ కోసం అతను తిరగని గుమ్మం లేదు. కింద పెద్ద రోడ్డు నుంచి మలుపు దాకా దారి పోయినేడే వెడల్పయింది. మలుపు నుంచి ఊళ్ళోకి మాత్రం ఇంకా మూట కట్టిన గాడిద ఒక్కటి పట్టేంత సందే. బుల్డోజర్‌కు ఈ ఒక్క రోజే ఇక్కడ వంతు. రేపు పక్క లోయకు పోతుంది. నిన్న సాయంత్రమే అయ్యాషి కొండ నెత్తిన తెల్లబడింది. మంచు దిగిందంటే మళ్ళీ బాదం పూసేదాకా చక్రం అన్నది పైకి రాదు. ఊళ్ళో గొర్రెలకాపరి భార్య ఇజ్జా నిండు చూలాలు. నీళ్ళ దగ్గర ఆ పిల్ల నడుం పట్టుకొని నిలబడితే చాలు, అందరి చూపులూ ముందు ఆమె పొట్టమీద, తర్వాత మీమూన్ మీద పడేవి. నోటితో ఎవరూ అనేవారు కాదు. అందరికీ తూదా గుర్తొచ్చేది.

తూదా మీమూన్ మేనకోడలు, అక్క ఇత్తోకు ఒక్కగానొక్క కూతురు. మూడు చలికాలాల కింద కానుపు కష్టమై, తలుపు రెక్క ఊడదీసి దానిమీద పడుకోబెట్టి ఆసుపత్రికని మంచులో దింపారు. తలుపు ముందు మూల భుజాన పట్టింది మీమూనే. మలుపు దగ్గర గోడకూ లోయకూ మధ్య నలుగురు మనుషులు పట్టలేదు. భుజాలు మార్చుకోవాలని, "దించండర్రా ఒక్క క్షణం," అన్నది కూడా అతనే. పక్కనే ఉన్న అక్క చెలకలో, అక్రోటు చెట్టు కింద దించారు. మళ్ళీ ఎత్తబోయేసరికి తూదా లేదు. కడుపులో బిడ్డా లేదు.

రోడ్డు ఊళ్ళోకి ఎక్కాలంటే ఇప్పుడు ఆ చెలక మీదుగానే ఎక్కాలి. ఇత్తో ఇవ్వనంది.

మలుపు దగ్గర డ్రైవరు కబీర్ ఇంజను ఆపేసి, సీట్లోనే కూర్చొని రొట్టె ఆలివ్ నూనెలో ముంచుకొని తింటున్నాడు. ఊరి పెద్ద మోహా చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. పక్కన ఇంకో ఇద్దరు.

"ఏం కౌన్సిలర్ గారూ, ఇక్కడే మొలకెత్తమంటారా నన్ను?" అన్నాడు కబీర్. "మధ్యాహ్నం లోపు తేల్చకపోతే బండి లారీ ఎక్కించేస్తా. తర్వాత నన్నని లాభం లేదు."

"నిన్న కూడా వెళ్ళామయ్యా, నలుగురం," అన్నాడు మోహా. "కాగితం ముందు పెట్టాం. వేలిముద్ర వెయ్యమంటే చెయ్యి కొంగులో దాచుకుంది. పిల్ల పోయినప్పుడు రాని రోడ్డు ఇప్పుడెందుకంటుంది. ఆమెతో ఏం వాదిస్తాం చెప్పు?"

మీమూన్ ముక్కు తుడుచుకున్నాడు. చెలక గోడవైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఒక్కటే దారి మిగిలింది," మోహా గొంతు తగ్గించాడు. "ఆర్ వెయ్యి."

ఆ మాటతో తక్కిన ఇద్దరూ తలలు దించుకున్నారు. ఆర్ అంటే నెత్తుటితో అడగడం. ఎదుటివాడి గడపలో జంతువును కోసి, నెత్తురు గడపకు తగిలేలా చేసి అడిగితే, ఆ మనిషి కాదనడానికి వీల్లేదు. కాదంటే ఆ ఇల్లు పచ్చగా ఉండదని ఈ కొండల్లో అందరి నమ్మకం. చంపుకున్న కుటుంబాల మధ్య రాజీకి వేస్తారు. పారిపోయి వచ్చినవాడు ఆశ్రయం కోసం వేస్తాడు.

"అక్కకా?" అన్నాడు మీమూన్.

"అక్కకు కాదురా, కౌన్సిలర్‌గా వేస్తున్నావు. ఇజ్జా మొహం చూసి వెయ్యి. లేదా ఈ చలికాలం నువ్వే ఇంకో తలుపు ఊడదియ్యి."

పెద్దమనిషి అనకూడని మాట అది. కానీ అనేశాడు. మీమూన్ ఇంటివైపు గబగబా నడిచాడు. బక్రీదుకని పెంచుతున్న పొట్టేలును విప్పాడు. తాడు పట్టి లాగనక్కర్లేకుండానే అది అతని వెనక నడిచింది, పాపం, పచ్చికకు తీసుకెళ్తున్నాడనుకుంది కాబోలు.

మోహా, ఆ ఇద్దరూ వెంట వచ్చారు. మీమూన్ అక్క ఇంటికి ఒంటరిగా వెళ్ళి మూడేళ్ళయింది. ఎప్పుడూ ఎవరో ఒకరిని వెంటేసుకుంటాడు. ఒంటరిగా వెళితే, ఎందుకు దించావురా అని అడుగుతుందేమోనని అతని గుండెల్లో బెదురు. రోడ్డు కోసం కాళ్ళరిగేలా తిరిగాడు, ఆ ప్రాంతపు అధికారి కైదు ఆఫీసులో గుమాస్తాల చేత నానా మాటలూ పడ్డాడు, ఎవడు కసురుకున్నా నవ్వాడు. అదంతా అక్క కోసమేనని, ఏదో ఒక రోజు ఆమెకే తెలుస్తుందని అనుకున్నాడు. అసలు సంగతి మాత్రం నోరు తెరిచి ఆమెతో ఎప్పుడూ అనలేదు.

ఇత్తో తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఏదో దబ్ దబ్‌మని చప్పుడవుతోంది. మీమూన్ పొట్టేలును గడప మీదికి ఒరిగించి, మోకాలు అదిమి, అల్లా పేరు తలిచి కత్తి ఆడించాడు. నెత్తురు గడప రాయి మీదుగా లోపలికి పారింది. చప్పుడు ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. ఇత్తో ఎత్తు మనిషి, ఇప్పుడు కాస్త వంగింది. చుబుకం మీద పచ్చబొట్టు ముడతల్లో కలిసిపోయింది. ఆమె ముందు నెత్తురు చూసింది, తర్వాత పొట్టేలును, చివరికి తమ్ముణ్ణి.

"ఏందిరా ఇది?"

మోహా సర్దబోయాడు. "ఇత్తో, ఊరి కోసం..."

"నువ్వాగు మోహా. నేను నా తమ్ముణ్ణి అడుగుతున్నా." ఆమె గొంతు పెరగలేదు. "ఏందిరా మీమూన్? ఆర్ వేశావా? నాకా?"

"అక్కా, మంచు పడబోతోంది. ఆ పిల్ల ఇజ్జా..."

"ఇజ్జా సంగతి నాకు తెలీదనుకున్నావా? నీకన్నా ముందు తెలుసు. ఆ పిల్ల వేవిళ్ళకు నా గుమ్మంలోనే వాంతి చేసుకుంది." ఆమె తలుపు పట్టుకుంది. "ఇది పరాయివాళ్ళకు వేసేదిరా. హత్య చేసొచ్చినవాడు వేస్తాడు. మొహం మొహం చూసుకోనివాళ్ళు వేసుకుంటారు. అమ్మ పోతే నిన్ను వీపున కట్టుకొని నీళ్ళు మోశానే, నీకు నేను పరాయిదాన్నయ్యానా?"

"నువ్వు ఇవ్వనన్నావు కదక్కా."

"ఎవరికి ఇవ్వనన్నాను? కాగితానికి ఇవ్వనన్నాను. నీ వెనకొచ్చిన నలుగురికి ఇవ్వనన్నాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఒక్కడివే వచ్చి, అక్కా, తూదా పోయిన చోటు నాకివ్వవే అని అడిగావుట్రా? అడిగితే కాదంటానా? అడిగి నాతో కలిసి ఏడిస్తే చాలునని మూడేళ్ళుగా ఎదురుచూశాను."

"భయమేసిందక్కా. ఎందుకు దించావని అడుగుతావని..."

"అడగనురా. నువ్వూ మనిషివేగా, భుజం నొప్పెట్టదా? నాకు తెలుసు." ఆ మాటకు మీమూన్ భోరుమన్నాడు. అందరి ముందూ ఏడ్చాడు. ఇత్తో కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. ఒక అడుగు ముందుకు వేయబోయి, గడప మీద నెత్తురు చూసి ఆగిపోయింది.

"ఇప్పుడేడిస్తే ఏం లాభం. ఆర్ పడిపోయింది. తీసుకో చెలక. చెట్టుతో సహా తీసుకో. ఈ గడప ఒకసారి దాటి బయటికెళ్తే ఇక లోపలికి రాలేను, నెత్తురు కడిగినా రాలేను. ఆ మాంసం బీదాబిక్కికి పంచిపెట్టండి. వెళ్ళండి."

మోహా మీమూన్ చెయ్యి పట్టుకొని లాక్కెళ్ళాడు. కోపంలో అందిలే, రేపటికి సర్దుకుంటుంది అన్నాడు. మీమూన్ కూడా అలాగే నమ్మాడు, నమ్మకపోతే ఆ రోజు నిలబడగలిగేవాడు కాదు.

కబీర్ ఇంజను తిప్పాడు. చెలక గోడ మొదటి తోపుకే కూలింది. అక్రోటు చెట్టు వేళ్ళు పట్టు విడవక కాసేపు మొండికేసింది, తర్వాత పక్కకు ఒరిగింది. మీమూన్ అక్కడే నిలబడి, ఇటు తిప్పు, ఇంకొంచెం లోపలికి అని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడో ముక్కు తుడుచుకుంటున్నాడో ఎవరికీ తెలియలేదు. ఎండ కొండ దాటేసరికి దారి ఊరి మొదటి ఇంటిని తాకింది. ఆడవాళ్ళు మిద్దెలెక్కి గొంతెత్తి సంబరంగా కూతలు వేశారు. ఇజ్జా మొగుడు సిగ్గు విడిచి డ్రైవరును కావలించుకున్నాడు. పొద్దున అరిచినావిడే ఒక గ్లాసు టీ తెచ్చి, "తాగు కౌన్సిలరూ, నీ దుంప తెగ, సాధించావయ్యా!" అంది.

అతను తాగలేదు. బుల్డోజర్ పోతూపోతూ నీటికాలువ గట్టును తెంపేసింది. కింది మడులన్నీ బురదవుతున్నాయి. జెల్లాబా నడుముకు ఎగదోపి, కాలువలో దిగి, రాళ్ళూ మట్టిపెళ్ళలూ అడ్డం పేరుస్తూ ఉండిపోయాడు. పని చేస్తున్నంతసేపూ ఒక్కటే అనుకున్నాడు. చీకటి పడేలోగా ఒక్కడే వెళ్తాడు. గడప కడుగుతాడు. గుమ్మం బయట కూర్చుంటాడు. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ. అక్కే కదా.

మోచేతుల దాకా బురదలో ఉండగా మోహా గట్టుమీదికి వచ్చి నిలబడ్డాడు.

"ఒరేయ్ మీమూన్. మీ అక్క వెళ్ళిపోయింది."

"ఎక్కడికి?"

"బుల్డోజర్‌ను తీసుకెళ్ళే లారీ ఎక్కింది. బుల్డోజర్ వెనకాలే కొత్త దారిలో నడుచుకుంటూ దిగింది. చేతిలో చిన్న మూట. మిదెల్త్ పట్నం పోతానంది, మొగుడి తరఫువాళ్ళ దగ్గరికి. కబీర్ బతిమాలాడు, నేనూ బతిమాలాను. పలకలేదు. నిన్ను పిలవమంటావా అంటే, వద్దు, పనిలో ఉన్నాడు అంది."

మీమూన్ అలాగే, బురద చేతులతోనే పరుగెత్తాడు. కొత్త మట్టిలో కాళ్ళు కూరుకుపోతున్నాయి. మలుపు దాటి చూస్తే, లారీ ఎప్పుడో నది దాటి, అటువైపు కొండ చుట్టూ తిరిగిపోయింది. బుల్డోజర్ చక్రాల గొలుసుల అచ్చు మీద ఆమె చెప్పుల అడుగులు మాత్రం కనిపించాయి. ఎక్కడా ఆగినట్టు లేదు. చెట్టు ఉన్న చోట కూడా ఆగలేదు.

సన్నగా మంచు మొదలైంది. అతను వెనక్కి నడిచి అక్క ఇంటికి వెళ్ళాడు. పొట్టేలును ఎవరో తీసేశారు. గడప మాత్రం అలాగే ఉంది. దాన్ని తొక్కడానికి మనసొప్పక, చెప్పులు విడిచి, కాలు చాచి దాటాడు. మూడేళ్ళలో మొదటిసారి ఒక్కడే.

పొయ్యి చల్లారలేదు. పరుపు చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. కిటికీ పక్కన నిలువు మగ్గం మీద తెల్ల ఉన్ని కంబళి ఒకటి సగం దాకా నేసి ఉంది. అడ్డం మూరెడున్నర కూడా లేదు, పొత్తిళ్ళ బిడ్డకు సరిపోయేంత. పొద్దున మగ్గం దబ్ దబ్ చప్పుడు ఆగినప్పుడు ఎక్కడ గుచ్చిందో అక్కడే, పోగుల మధ్య, నేతను కొట్టే ఇనప పళ్ళ దువ్వెన గుచ్చి ఉంది.