ఖాళీ మేకు

శనివారం మధ్యాహ్నం దర్జీ తన దుకాణం తలుపు మూసి, ఒక్క మాట చెప్పి రావడానికి బయలుదేరాడు. ‘నా వల్ల కాదు’ అన్నదే ఆ మాట. వీధి పొడవునా దానిని అటు తిప్పి, ఇటు తిప్పి, మర్యాదకు లోటు రాకుండా మనసులో మడత పెట్టుకున్నాడు.

మరునాటి ఉదయం ఆటమైదానంలో బొగ్గు మాస్టారి సంస్మరణ సభ. ముప్పై ఆరేళ్ళు గనిలో బొగ్గు తవ్విన మనిషి ఆయన. నలభై ఏళ్ళకు పైగా సాయంకాలాలన్నీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడానికే ధారపోశాడు. గని నుండి తిన్నగా మైదానానికి వచ్చేవాడు గనుక కనురెప్పల అంచున కాటుక గీతవలె బొగ్గు మిగిలి ఉండేది. అందుకు పిల్లలు పెట్టిన పేరే ఊరందరి నోటా నిలిచిపోయింది. సభలో దర్జీ నాలుగు మాటలు మాట్లాడాలని మాస్టారి భార్య కబురు పంపింది.

మాట్లాడటానికి దర్జీ దగ్గర ఉన్నది కోపం ఒక్కటే. దానికి ఇరవై రెండేళ్ళు.

అప్పుడతనికి పదిహేడేళ్ళు. ఎడమకాలితో బంతిని ఎక్కడ చెబితే అక్కడ పెట్టేవాడు. అందుకే ‘ఎడంకాలు’ అన్న ముద్దుపేరు. మైదానం వెనుక వానకు నిండిన పాత క్వారీ గుంట ఉండేది. అందుచేత మాస్టారు ఒక నియమం పెట్టాడు. గోడకు చెక్కపలక, పలకకు వరుసగా మేకులు, ప్రతి మేకుకూ అంకె వేసిన ఒక బిళ్ళ. వచ్చినవాడు తన బిళ్ళ తీసి జేబులో వేసుకోవాలి, వెళ్ళేటప్పుడు మళ్ళీ తగిలించాలి. సాయంత్రం ఖాళీ మేకు కనబడిందంటే ఎవడో ఇంకా ఇల్లు చేరలేదన్నమాట. పెద్ద జట్టుకు ఆటగాళ్ళను ఎంచేవారు తుది పోటీకి వస్తున్నారని తెలిసిన సాయంత్రం, ఎడంకాలు సంతోషంతో ఒళ్ళు మరచి, బిళ్ళ జేబులో ఉండగానే ఇంటికి పరుగెత్తాడు.

గంట తరువాత అతడు అన్నం తింటూ ఉండగా మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. ద్వారబంధం పట్టుకొని దగ్గుతూ, ఆయాసపడుతూ కుర్రవాడిని తల నుండి పాదం దాకా చూశాడు. పెదవి విప్పకుండా వెళ్ళిపోయాడు. మరునాడు జట్టు పేర్లలో ఎడంకాలు పేరు లేదు. తుది పోటీలో ఒక్క గోలు తేడాతో జట్టు ఓడింది. ఆ తరువాత అతడు మైదానంలో అడుగు పెట్టలేదు. మాస్టారు దుకాణం ముందు నుండి వెళ్ళినప్పుడల్లా కుట్టుమిషను మీదికి తల వంచేవాడు.

మాస్టారి ఇంటి ముందుగదిలో దీపాల తాత కుర్చీలో కూర్చుని, తన కొయ్యకాలును స్టూలు మీద చాపుకొని ఉన్నాడు. గనిలోకి దిగేవారికి దీపాలిచ్చే గదిలో పని చేసినవాడు, మాస్టారికి ప్రాణమిత్రుడు.

“రారా ఎడంకాలూ! మాట్లాడనని చెప్పిపోవడానికే వచ్చావు కదూ?” అన్నాడు.

దర్జీ ఉలిక్కిపడ్డాడు. “నేనింకా నోరు తెరవనేలేదు తాతా.”

“మూసిన నోరే చెబుతోందిరా. కొలతలు తప్పిన చొక్కా తిరిగివ్వడానికి వచ్చినవాడిలా ఉన్నావు.”

లోపలి నుండి మాస్టారి భార్య మంచినీళ్ళు తెచ్చింది. “కూర్చో నాయనా. అన్నయ్య మాటలు పట్టించుకుంటే వాళ్ళింటావిడ ఏనాడో అడవులు పట్టిపోయేది.”

దర్జీ కూర్చోలేదు. దారిలో మడిచిపెట్టుకున్న మర్యాద కాస్తా జారిపోయింది. “అమ్మా, మాస్టారు గొప్పవారే. నేను కాదనను. కానీ ఒక బిళ్ళ మరిచిపోయినందుకు నా బతుకులో ఒక్కసారి వచ్చిన అవకాశం తీసేశారు. రేపు లేచి ఆయన దయామయుడని చెబితే అది అబద్ధం. పోయిన మనిషి ముందు అబద్ధం ఆడలేను.”

ఆమె నొచ్చుకోలేదు. తాత వంక చూసింది. “చెప్పు అన్నయ్యా.”

“ఆయన ఉన్నన్నాళ్ళూ చెప్పొద్దన్నాడు కదమ్మా.”

“లేడుగా ఇప్పుడు.”

తాత కొయ్యకాలును స్టూలు మీది నుండి దించాడు. “నా కాలు ఎలా పోయిందని ఎప్పుడైనా అడిగావురా?”

“గనిలో కప్పు కూలిందని అందరికీ తెలుసు.”

“నా పనివేళ అయిపోయి, ఒళ్ళు కడుక్కుని, పైన నిలబడ్డవాణ్ణి. మళ్ళీ ఎందుకు దిగానని అడిగారా ఎవరైనా?”

దర్జీ బల్ల మీద కూర్చున్నాడు.

“గనిలోనూ అదే పద్ధతి. దిగేవాడు ఇత్తడి బిళ్ళ తీసుకుపోతాడు, పైకొచ్చి తగిలిస్తాడు. ఆ రోజు ఒక మేకు ఖాళీ. పొద్దుటినించీ పడమటి సొరంగంలో కప్పు చిటపటమంటోంది. మనవాడు లోపలే ఉండిపోయాడనుకుని నేనూ ఇంకొకడూ దిగాం. పేరు పెట్టి అరిచాం. పలకలేదు. ఎలా పలుకుతాడు? కొత్త పెళ్ళికొడుకు, ఇంట్లో స్నానం చేస్తున్నాడు!”

“నేనే నీళ్ళు తోడాను,” అంది మాస్టారి భార్య మెల్లగా. “చొక్కా ఉతకబోతే జేబులో గట్టిగా ఏదో తగిలింది. తీసి చూపించాను. ఆ మనిషి మొహం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. తడిబట్టతో పరుగెత్తాడు. ఆయన వెళ్ళేసరికి అన్నయ్యను మోసుకొస్తున్నారు.”

“నా కాలు పోయింది, వాడి నిద్ర పోయింది,” అన్నాడు తాత. “దీపాల గదిలో కూర్చుని చేసే పని నాకిచ్చారు. నేను తిట్టినా బాగుండేది వాడికి. నాకు తిట్టాలనిపించలేదు, ఏం చెయ్యను? నీ మేకు ఖాళీగా ఉన్న సాయంత్రం, యాభై ఏళ్ళవాడు ఒడ్డు రాయి పట్టుకుని ఆ గుంటలో ఎన్నిసార్లు మునిగాడో నేను గట్టు మీద లెక్కపెడుతూ కూర్చున్నాను. పదకొండు. ఆ తర్వాత లెక్క తప్పింది.”

దర్జీ అడిగాడు: “నాకెందుకు చెప్పలేదు?”

“సిగ్గు నాయనా,” అంది ఆమె. “నిన్ను ఆడనిస్తే ఇంకెవడైనా మరుస్తాడని భయం. కారణం చెబితే పిల్లల దగ్గర తాను తల ఎత్తుకోలేనని సిగ్గు. నువ్వు తిరిగొస్తావని ఏడాదిపాటు నీ మేకుకు ఇంకెవరి బిళ్ళా పెట్టనివ్వలేదు. రేపు నీకు ఏది నిజమనిపిస్తే అదే చెప్పు. ఈ సంగతి కూడా చెప్పు. నలుగురిలో ఒకసారి ఆ మాట పడితే ఆయన బరువు దిగుతుంది.”

ఆదివారం ఉదయం మైదానం నిండింది. ఆయన దగ్గర ఆడినవారిలో జుట్టు నెరసినవారు సైతం నేలమీద పిల్లల పక్కన కూర్చున్నారు. దర్జీ లేచి నిలబడి, ఏ కాగితమూ చూడకుండా మొదలుపెట్టాడు.

“మాస్టారు నాకు అన్యాయం చేశారు.”

సభలో తలలన్నీ ఒక్కసారిగా అతని వైపు తిరిగాయి. అతడు ఆగలేదు. తన బిళ్ళ సంగతి, మాస్టారి బిళ్ళ సంగతి, తాత కాలి సంగతి, ఏదీ పెంచకుండా, ఏదీ తగ్గించకుండా చెప్పాడు. “ఆ శిక్ష ఒక ఆటకే. మిగతా ఆటలన్నీ నా అంతట నేనే మానుకున్నాను. ఆయన ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఉండిపోయేవాణ్ణి. నేను ఒక్క మాట అడిగి ఉంటే ఆయన చెప్పేవారేమో. ఇద్దరమూ ఒకే వీధిలో ఇరవై రెండేళ్ళు ఊరుకున్నాం. నాకు ఆట నేర్పింది ఆయనే. నేను మునిగిపోయానేమోనని, ఈత రాకపోయినా ఆయన గుంటలోకి దిగారు. ఈ రెండూ కూడా నేను చెప్పాలి.”

మాస్టారి భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తాత ముందువరుసలోంచి గొంతెత్తాడు: “ఈత రాదని నీకెవడు చెప్పాడురా?”

“గుమ్మంలో ఆయన దగ్గు విన్నవాణ్ణి నేనే కద తాతా.”

జనం నవ్వారు. ఆ నవ్వు సగంలోనే తడిసిపోయింది. దర్జీ వచ్చి తాత పక్కన కూర్చున్నాడు.

“కోపం తీరిందా?” అన్నాడు తాత గొంతు తగ్గించి.

“సగం.”

“మిగతా సగం?”

“ఆయన ఉంటే ఇవాళ ఇంటికెళ్ళి పోట్లాడేవాణ్ణి తాతా. తలుపు తీసేవరకూ కొట్టేవాణ్ణి.”

తాత అతని చేయి తన ఒడిలోకి తీసుకొని, సభ ముగిసేవరకూ వదలలేదు.