తీశావా?

మా ఆయన కాగితాలు కోసే మనిషి. ప్రెస్సులో అందరూ కత్తి మాస్టారంటారు. ఇంట్లో ఉల్లిపాయ తరగమంటే మాత్రం వేలు తెగుతుందని భయం, అది వేరే సంగతి.

కటింగ్ మెషిన్ దగ్గర మేమిద్దరమే. నేను పక్కనుంచి కాగితాల కట్టను బ్లేడు కిందికి తోసి, అంచులు సరిచేసి, చేతులు తీసేస్తాను. ఆయన "తీశావా?" అంటారు. నేను "తీశా" అంటాను. అప్పుడు ఆయన పాదం పెడల్‌ని తొక్కుతుంది, బ్లేడు దిగుతుంది. చెయ్యి అడ్డముంటే మెషిన్‌ని ఆపే లైటొకటి ఉండేది గానీ, అది ఎప్పుడో పాడైంది. ఓనర్ని అడిగితే "రేపు బాగుచేయిస్తా" అంటాడు. రేపనే దానికి రూపు లేదని ఊరికే అన్నారా! నా వేళ్లు ఉన్నాయంటే ఆ రెండు మాటల పుణ్యమే.

ఆయనకు పెద్దపేగులో పుండ్లు. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవాలంతే అంది డాక్టరమ్మ. మందులకు రక్తం పడటం ఆగింది, బాత్రూమ్‌కి పరుగులూ తగ్గాయి. నిద్ర మాత్రం తిరిగి రాలేదు. పక్క మీద వాలగానే పొట్ట మీద చెయ్యేసుకుని, దొంగ కోసం కాపలా కాసినట్టు నొప్పి కోసం కాస్తారు. కునుకు పట్టీ పట్టకముందే ఉలిక్కిపడి లేస్తారు, అవసరం లేకపోయినా బాత్రూమ్ దాకా వెళ్లొస్తారు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్న మహానుభావుడెవరో గానీ, ఆయన పేగులు బాగున్నట్టున్నాయి.

దానికి తోడు ఈయనగారి అతితెలివి. పొద్దున తిన్నాక వేసుకోమన్న స్టెరాయిడ్ మాత్రను రాత్రి భోజనానికి మార్చారు. పొద్దున తింటే మెషిన్ వదిలి పరిగెత్తాల్సొస్తుందని ఖాళీ కడుపుతో పనిలోకొస్తారు మరి. రాత్రి వేసుకుంటే ఆ మాత్ర ఉన్న నిద్రనీ చెడగొడుతుందని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వింటేనా!

మొన్న డాక్టరమ్మ అడగనే అడిగింది. "నిద్ర ఎలా పడుతోంది?"

"నిద్రకేం డాక్టర్ గారూ, పడుకుంటే ఒళ్లు తెలీదు" అన్నారు.

నేను నోరు తెరిచాను. బల్ల కింద ఆయన కాలు నా పాదాన్ని గట్టిగా తొక్కింది. నోరు మూసుకున్నాను.

బయటికి రాగానే అందుకున్నాను. "అంత పచ్చి అబద్ధం ఎలా చెప్పారండీ?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నిద్రలేదంటే సెలవు రాస్తుంది. సెలవంటే ఓనరు నా చోట ఇంకొకణ్ణి నిలబెడతాడు."

"నిలబెట్టనివ్వండి! బ్లేడు కిందికెళ్లేవి నా చేతులు."

"నేనుండగా నీ చేతులకేమవుతుందే పిచ్చిదానా!" అని నవ్వారు. ఆ నవ్వు చూస్తే నా కోపం ఎక్కడికి పోతుందో పోతుంది. ఆ రోజూ పోయింది.

సెలవురోజు మధ్యాహ్నం కుర్చీలో కూర్చునే కునికారు. హమ్మయ్య అనుకుని బట్టలు మడతపెడుతున్నాను. "తీశావా?" అన్నారు, నిద్రలోనే. "అయ్యో రాత, కలలో కూడా డ్యూటీయేనా!" అని నవ్వాను. అంతలో ఆయన కుడిపాదం నేలను తొక్కింది. మళ్లీ "తీశావా?", మళ్లీ తొక్కడం. నేను జవాబు చెప్పలేదు. జవాబు కోసం ఆ పాదం ఆగలేదు.

మర్నాడు మెషిన్ దగ్గర ఆయన మొహమే చూస్తూ పనిచేశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. చూపే నా మీద లేదు, కాగితం మీదా లేదు.

"ఏవండీ, నిద్రొస్తోందా?"

"కళ్లు తెరుచుకుని ఎవరైనా నిద్రపోతారటే? పని చూడు."

మరో కట్ట తోశాను. ఇంకొకటి. ఆ తర్వాతి కట్ట తోసి, నా రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాను.

"తీశావా?" అన్నారు.

"తీయలేదు" అన్నాను, స్పష్టంగా.

"సరే" అన్నారు. బ్లేడు దిగింది.

కట్ట నున్నగా తెగి ఉంది. "ఊఁ, ఇంకోటి పెట్టు" అన్నారు, కళ్లు తెరుచుకునే. నేను గోడ దగ్గరికి పరిగెత్తి మెయిన్ స్విచ్ ఆపేశాను. మోత ఆగిపోయేసరికి ఆయన ఉలిక్కిపడ్డారు.

"కరెంటు పోయిందా?"

"తీయలేదన్నాను. తీయలేదన్నానండీ! అయినా తొక్కారు."

"ఎప్పుడన్నావ్?"

ఆయన మొహం పాలిపోయింది. గబగబా వచ్చి నా చేతులు పట్టుకుని ఒక్కో వేలూ తడిమి చూశారు. "చెప్పు. డాక్టరమ్మకి అంతా చెప్పు. ఓనరు ఏమైనా చేసుకోనీ" అంటూ స్టూలు మీద కూలబడ్డారు.

ఫోన్ కలిపాను. అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. కుడిచేత్తో ఫోన్ చెవికి పెట్టుకునే మెషిన్‌ని ఆనుకుని నిలబడ్డాను. తిరిగి చూస్తే ఆయన తల వాలిపోయి ఉంది, పెదాలు కదిలాయి.

"తీశావా?"

"తీశా" అన్నాను.

నేను అనాలనుకుని అనలేదు, నోటికి అదే వచ్చేసింది. చూసుకుంటే నా ఎడమచెయ్యి బ్లేడు కిందే ఉంది.