లేయా టీచర్ మార్చి చెప్పిన ముగింపు

రెడ్డిగూడెం చర్చి హాల్లో ఆ ఆదివారం భోజనాలయ్యాక ఇంగ్లీషు సినిమా వేశారు. వెలుతురు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఇంగ్లీషు సినిమా అంటే తెర పక్కన ఎవరో ఒకరు మైకు పట్టుకుని తెలుగులో చెబుతూ ఉండాలి, లేకపోతే జనం సగంలోనే లేచిపోతారు. ఈసారి ఆ పని లేయా టీచర్ నెత్తిన పడింది. బాపులపాడు నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్లయినా ఇంకా ఊరికి కొత్త మనిషే, కాదనలేకపోయింది.

హత్య సినిమా అన్నారంతే. కథ నడిచేకొద్దీ ఆమె చూపు మాటిమాటికీ మొదటి వరస వైపు పోసాగింది. ఇద్దరు అన్నదమ్ములు, ఒకే పొలం. అన్న బావిలో తేలాడు. కాలు జారిందని ఊరంతా నమ్మింది.

మొదటి వరసలో జోజిబాబు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పోయిన వేసవిలో అతని అన్న చిన్నరాయప్ప పోయిందీ మామిడితోట బావిలోనే. "ఇప్పుడే వెళ్లి చూశాను, అన్న తేలుతున్నాడు" అని జోజిబాబు గుండెలు బాదుకుంటూ ఊళ్లోకి వచ్చింది రెండు గంటలకు. ఒంటిపూట బడి నుంచి వస్తూ, ఒంటిగంటకే అతను ఆ బావి గట్టు మీద తాపీగా సిగరెట్ కాల్చుకోవడం లేయా కళ్లారా చూసింది. ఎవరికీ చెప్పలేదు. ఒంటరి ఆడమనిషి, చెప్పి ఆ ఊళ్లో ఎలా బతుకుతుంది?

సినిమాలోనూ ఒకావిడ చూసింది.

"చూసినావిడ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుందేంటి టీచర్‌గారూ?" అంది వెనక నుంచి సుసన్నా. అందరూ నవ్వారు. జోజిబాబు నవ్వలేదు.

చివర్లో డిటెక్టివ్ తమ్ముడి వైపు వేలు చూపించాడు. హాలంతా లేయా నోటి వైపు చూసింది. ఆమెకు చచ్చేంత భయం వేసింది.

"తమ్ముడి తప్పేం లేదంట. నిజంగానే కాలు జారిందంట," అంది.

"మరి బేడీలెందుకేస్తున్నారు?" అన్నారెవరో.

"అది... ఏదో పాత దొంగతనం కేసు."

జనం మండిపడ్డారు. రెండు గంటలు కూర్చోబెట్టి కాలు జారిందంటాడేంటని, ఎవడో తెలియని ఆ డైరెక్టర్‌ని దులిపేస్తూ లేచిపోయారు. తిడితే తిట్టారు, గండం గడిచిందనుకుని లేయా ఊపిరి పీల్చుకుంది.

కుర్చీలు మడవడానికి జోజిబాబు ఒక్కడే ఆగాడు.

"ఏడేళ్లు దుబాయ్‌లో టాక్సీ నడిపానండి నేను," అన్నాడు మర్యాదగా. "ఇంగ్లీషు బానే అర్థమవుద్ది."

లేయా మైకు తీగ చుట్టడం ఆపేసింది.

"వాళ్లకోసం కాదు, నాకోసమే మార్చారు గదండీ. ఆ రోజు బడి నుంచి బావి దారినే వచ్చారా?"

ఆమె తలుపు వైపు చూసింది. జోజిబాబు చేతిలో కుర్చీ కింద పెట్టి, వెళ్లి హాలు తలుపు దగ్గరగా వేశాడు.