పోశిని బెల్లంపల్లికి ఇచ్చేద్దామనుకున్నాను

మా చెల్లె పోశి పుట్టకముందు నేను చాలా మంచి పిల్లనట. మా అవ్వ, అంటే అమ్మ, ఇప్పటికీ అంటుంది. అది పుట్టాక నేనెందుకు చెడిపోయానో మాత్రం ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. నేను ఆలోచించాను. ఆ కారణం మా గుమ్మంలో కూర్చుని నా బలపం నములుతూ ఉండేది.

అప్పటికి నాకు పదకొండేళ్లు, దానికి ఐదు. గోదావరిఖనిలో కొత్తగా కట్టిన క్వార్టర్ల లైన్లో ఒక గదీ, ఒక వంటిల్లూ మాది. మా బాపు నర్సింగం బాయిలో బొగ్గు నింపేవాడు. నాన్నను మా వైపు బాపు, బొగ్గు గనిని బాయి అంటారు. వారానికో షిఫ్టు. నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే మా ఇంట్లో పగలు రాత్రయ్యేది. బాపు పొద్దున్నే వచ్చి, ఒంటికంటిన బొగ్గు కడుక్కుని, నాలుగు ముద్దలు తిని పడుకునేవాడు. ఆయన లేచేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. నిద్ర చాలని మనిషి బాయి దిగితే ఏమవుతుందో ఆ లైన్లో ప్రతి ఇంటికీ తెలుసు. అందుకే పిల్లలందరం సైగలతోనే బతికేవాళ్లం. కడుపు మీద తట్టుకుంటే ఆకలి. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు. చిటికెన వేలు చూపిస్తే బయటికి పోవాలి. రెండు చెవులూ పట్టుకుంటే ఈ కొట్లాట బాపు లేచాక పెట్టుకుందామని. ఆ చివరిది నేను కనిపెట్టింది.

పోశికి సైగలన్నీ వచ్చు. కానీ సైగ చేస్తూనే అరిచేది. చిటికెన వేలు చూపిస్తూ "అక్కా, ఉచ్చొస్తుందే!" అని లైన్ మొత్తానికీ చాటేది. బాపు ఉలిక్కిపడి లేచేవాడు. అవ్వ వచ్చి నా వీపు మీద ఒకటి వేసేది.

"పెద్దదానివి, జర సూస్కోవద్దానే?"

అరిచింది అది, దెబ్బ నాకు. ఇదెక్కడి న్యాయమో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

అంతటితో అయిందా? బడికి వేసుకుపోయే నా తెల్ల జాకెట్టు మీద బొగ్గుతో కోడిని గీసింది. నా ఎర్ర రిబ్బన్ తీసి పక్కింటి మేకకు కట్టింది. మేక దాన్ని తినేసింది. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని, "మేకకైతే మంచిగున్నదక్కా" అని ఓదార్చింది.

ఆ సంవత్సరం దసరా వెళ్లాక ఒకరోజు అవ్వ బాపుతో మాట్లాడుతుంటే నా చెవిన పడింది.

"అక్క కబురు పంపింది. ఆదివారం వస్తదట. ఇద్దర్ల ఒకర్ని సాదుకుంటనంటున్నది."

అక్క అంటే బెల్లంపల్లిలో ఉండే మా సారవ్వ పెద్దవ్వ. ఆమెకు పిల్లలు లేరు. పోశికి మాటలొచ్చాక ఆమె మా ఇంటికి రాలేదు. పెద్దబాపు అక్కడ ఆఫీసులో గుమాస్తా. ఆయనకు ఏడాది పొడుగునా పొద్దున పోయి సాయంత్రం వచ్చే డ్యూటీయే. పిల్లలు లేనివాళ్లు తోబుట్టువుల పిల్లను తెచ్చుకుని పెంచుకోవడం మా చుట్టాల్లో కొత్తేమీ కాదు.

"మరి నువ్వేమంటవ్?" అన్నాడు బాపు.

"అక్కకు నేనేమంట? నన్ను సంకనెత్తుకొని సాదింది" అని అవ్వ పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది.

నేను ఆ తరువాత ఏమీ వినలేదు. సంతోషంతో చెవులు పనిచేయడం మానేశాయి. పెంచుకునేవాళ్లు ఎప్పుడూ చిన్నపిల్లనే తీసుకుపోతారు. పదకొండేళ్ల దాన్ని ఎవరడుగుతారు? ఆ సంబరంలో నా వంతు బెల్లం ముక్క కూడా పోశికి ఇచ్చాను. అది ముక్కను అటూ ఇటూ తిప్పి అనుమానంగా చూసి, ఆ తరువాతే తింది.

ఇక నా భయమల్లా ఒక్కటే. పెద్దవ్వ వచ్చి దీని గొంతు విన్నదంటే చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోతుంది. అందుకని శనివారం పోశిని ఇంటి వెనక్కి తీసుకుపోయి కూర్చోబెట్టాను.

"రేపు పెద్దవ్వ ఉన్నంతసేపు బాపు నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్నట్టే. అన్నీ సైగలే. నోరు తెరిస్తే సచ్చినవన్నట్టే."

"ఎందుకే?"

"సప్పుడు చెయ్యకుంటే పెద్దవ్వ నిన్ను బెల్లంపల్లి తీస్కపోతది. ఆళ్లింట్ల రేడియో ఉన్నది. జిలేబీ గూడ కొనిస్తది."

"రైలెక్కుతనా?"

"ఎక్కుతవ్."

సరేనంది. ఎన్నాళ్లకని అడగలేదు. అడగనిదానికి నేనెందుకు చెప్పాలి?

ఆదివారం పొద్దున పెద్దవ్వ సంచి నిండా సర్వపిండి రొట్టెలతో దిగింది. అవ్వ ఆమెను కూర్చోబెట్టి, నల్లా నీళ్లు ఆగిపోతాయని బిందె తీసుకుని లైన్ చివరికి పరుగెత్తింది. బాపు యాట కూరకు మాంసం కోసం బజారుకు పోయాడు. పెద్దవ్వ దగ్గర మేమిద్దరమే మిగిలాం.

"నీ పేరేంది బిడ్డా?" అని పోశిని దగ్గరికి తీసుకుంది పెద్దవ్వ.

పోశి నవ్వింది. పేరుకు సైగ లేదు కదా.

"బడికి పోతున్నవా?"

మళ్లీ నవ్వు. ఆపైన కడుపు మీద తట్టుకుంది. నేను గబగబా సర్వపిండి తుంచి పెట్టాను. బొటనవేలు పెదవికి ఆనించింది. నీళ్లిచ్చాను. చిటికెన వేలు చూపించింది. బయటికి తీసుకుపోయి, కడిగి తీసుకొచ్చాను. జుట్టు కళ్లలో పడుతుంటే దువ్వి జడ వేశాను. ఈ పిల్లను పెంచడం ఎంత సులువో పెద్దవ్వకు కళ్లారా చూపించాలని నా తాపత్రయం. పోశి అంత బుద్ధిగా ఉండడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒక దశలో, ఇలా ఉంటే మనమే ఉంచుకోవచ్చు కదా అనిపించింది కూడా. వెంటనే మేక గుర్తొచ్చి మనసు గట్టి చేసుకున్నాను.

తలెత్తి చూస్తే పెద్దవ్వ కళ్ల నిండా నీళ్లు.

"ఎప్పటిసంది గిట్ల బిడ్డా?" అంది నన్ను.

ఎప్పటినుంచి ఇంత బుద్ధిమంతురాలని అడుగుతోందనుకున్నాను.

"పుట్టినప్పటిసంది గింతే పెద్దవ్వా. కిక్కురుమనది" అన్నాను గర్వంగా.

పెద్దవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పగటిపూట మొగుడు నిద్రపోయే ఇల్లు ఆమెకు తెలియదు. ఈ సైగలు ఆమె ఎన్నడూ చూడలేదు. పిల్ల మూగదనుకుంది! ఆ సంగతి అవ్వ బిందెతో గడపలోకి వచ్చినప్పుడుగానీ నాకు తెలియలేదు. పెద్దవ్వ లేచి వెళ్లి ఆమెను కావలించుకుని ఒక్కటే ఏడుపు.

"గింత కష్టం కడుపుల దాసుకున్నవానే చెల్లె? పిల్లకు మాటలు రావని నాకొక్క మాట చెప్పకపోతివి! దవాఖానల సూపెట్టిన్రా?"

"ఎవలికి? పోశికా?" అవ్వ బిందె దించడం కూడా మరిచిపోయింది. "దానికి మాటలు రాకపోవుడేందక్కా? దాని నోరు మూతవడితే సాలని మొక్కని దేవుడు లేడు!"

అప్పుడే వచ్చిన బాపుకు విషయం అర్థమై, కూర సంచి పట్టుకునే పడీపడీ నవ్వాడు. సైగల సంగతి ఆయనే చెప్పాడు. పెద్దవ్వ కూడా కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వి నవ్వి నా తల మీద చెయ్యి వేసింది.

"మాటలొచ్చినా రాకున్నా నాకు చిన్నదొద్దు చెల్లె. ఈ పిల్ల ఓపిక సూస్తి. పనితనం సూస్తి. నాకు అనసూర్యనియ్యి."

అనసూర్య అంటే నేను.

అవ్వ వద్దంటుందని ఆమె ముఖంలోకి చూశాను. అవ్వ అనలేదు. తల వంచుకుని బిందె అంచు తుడుస్తూ నిలబడింది. బాపు నవ్వు ఆగిపోయింది. నేను రేడియో ముందు ఒక్కదాన్నే కూర్చుని జిలేబీ తింటున్నట్టు కనిపించింది. ఇక్కడ అవ్వ పక్కన, నేను పడుకునే చోట, పోశి కాళ్లు బార్లా చాపుకుని ఉన్నట్టూ కనిపించింది. చేసిందంతా దాన్ని పంపడానికి చేస్తే వచ్చి నా నెత్తిన పడింది! నోరు తెరిచాను, మాట రాలేదు.

మాట పోశికి వచ్చింది.

"పెద్దవ్వా! అక్క నెత్తి నిండ పేండ్లే!"

పొద్దుటినుంచి ఆపుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. పక్క క్వార్టర్ వాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు.

"పక్కల ఉచ్చ పోస్తది! బెల్లం దొంగతనంగ తింటది! అన్నం తిని చెయ్యి లంగకు తుడుసుకుంటది! లెక్కలల్ల సున్న వచ్చింది, అవ్వకు చెప్పలే!"

పేలు దాని నెత్తిలోవి. పక్క తడిపేది అది. బెల్లం దొంగిలించేది అది. చెయ్యి తుడుచుకునేది అది, అదీ నా లంగాకు. దాని నేరాలన్నీ లైన్ మొత్తం వినేలా నా మీద వేసింది. లెక్కల్లో సున్నా మాత్రం నిజం. అందుకే అది ఎక్కువ మండింది.

"పేండ్లుంటే నేను తీస్త గని..." అనబోయింది పెద్దవ్వ.

"నిన్ను గూడ కొడ్తది! గట్టిగ కొడ్తది!" అని పోశి ఊపిరి పీల్చుకుంది. నేరాలు అయిపోయాయి కాబోలు, అటూ ఇటూ చూసింది. నేల మీద కూలబడి నా కాలు రెండు చేతులా పట్టేసుకుంది.

"దీన్ని తీస్కపోతే మరి నన్నెవలు కొట్టాలె?"

అవ్వ బిందె దించి, పెద్దవ్వ చేతులు పట్టుకుంది.

"అక్కా, నాతోని గాదే. ఇద్దర్ల ఎవ్వల్నీ ఇయ్యలేనే. నీ మాట తీసెయ్యలేక ఊకున్న."

అక్కకు అవ్వ ఎదురు చెప్పడం నేను చూసింది అదే మొదలు. పెద్దవ్వ ముఖం చూస్తే నాకు నిజంగా జాలేసింది.

"ముందుగాల చెప్పద్దానే?" అంది చివరికి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "సిన్నప్పుడు గూడ గింతే. నా గాజులు పలగ్గొట్టి, నేనంత ఎతికినంక చెప్పేదానివి."

ఆ తరువాత నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు బిడ్డా. రావా?"

"రాను పెద్దవ్వా."

"గింత సతాయించే చెల్లెతోని ఏగుతవా?"

పోశి వైపు చూశాను. ముక్కు కారుతోంది. నా కాలు వదలడం లేదు.

"నా మీద గిన్ని అబద్ధాలు చెప్పింది. దీన్ని గిట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోత?"

కోపంతోనే అన్నాను. అంటూనే ఏడ్చేశాను. ఆ ఏడుపులో దాన్ని ఎప్పుడు చంకనెత్తుకున్నానో నాకే తెలియదు. అది నా భుజానికి ముక్కు తుడుచుకుని, నా చెవిలో, పుట్టాక మొదటిసారి, గుసగుసగా అడిగింది.

"అక్కా, పెద్దవ్వ ఇంక ఇడుస్తలేదా? ఇంక చాన చాడీలున్నయ్, చెప్పాల్నా?"

వద్దని తల ఊపి, దాన్ని గట్టిగా పట్టుకున్నాను.