పొద్దున్నే చదువుకునే మంత్రం

మా అక్కతో నాకు ఇరవయ్యేళ్ళుగా ఒకటే గొడవ. మేం ఆడే పాచికల ఆటలో నా మాంత్రికుడు ఒకసారి నిప్పుమంత్రం వేశాక, అదే రోజు రెండోసారి వేస్తానంటే ఒప్పుకోదు.

"ఇప్పుడే కదా వేశాడు! అప్పుడే ఎలా మరిచిపోతాడు?" అని మొదటిరోజే పోట్లాడాను.

"పాత నవలల్లో అంతేనే. మంత్రమంటే మహా బరువు. బుర్రలో నాలుగైదుకు మించి పట్టవు. నోట్లోంచి బయటికొచ్చిందా, చెరిగిపోయినట్టే. మళ్ళీ పొద్దున్నే లేచి, పుస్తకం ముందేసుకుని చదువుకోవాల్సిందే."

అక్క లైబ్రరీలో పనిచేసింది. డ్రాగన్లూ మాంత్రికులూ ఉన్న పాత నవలలన్నీ అట్టలు ఊడేదాకా చదివింది. ఈ పాచికల ఆట కనిపెట్టినవాళ్ళు కూడా ఆ నవలలు చదివి పాడైపోయినవాళ్ళేననీ, ఆ రూలు అక్కణ్ణించే తెచ్చుకున్నారనీ చెప్పేది. "ఇంతకీ వాడు మాంత్రికుడా, మతిమరుపు మనిషా?" అని నేను ఎగతాళి చేస్తే నవ్వేదే తప్ప రూలు సడలించేది కాదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నేను బట్టలు కుట్టేదాన్ని. నవలలు నాకు పట్టవు, అక్క కోసం కూర్చునేదాన్ని. శనివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ నలుగురం చేరేవాళ్ళం. అక్క కథ నడిపించేది. నేనూ, మా వీధిలోని పళ్ళ డాక్టరూ, బస్సు డ్రైవరూ ఆ కథలో మనుషులం. ఏం చేయబోతున్నామో మేం చెబితే, అది నెగ్గిందో లేదో పాచిక తేల్చేది.

ఈ ఏడాది మొదట్లో అక్క మమ్మల్ని ఒక ఊరి గేటు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ఊరిని రెండు వారాల కిందటి ఆటలో అక్కే డ్రాగన్ చేత కాల్పించి బూడిద చేసింది. ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. డ్రైవరు గొంతు సవరించుకుని, "ఈ ఊళ్ళో పడుకోవడానికి చోటు దొరుకుతుందా అక్కా?" అని అడిగాడు. ఆ మనిషికి మనసులోనే దణ్ణం పెట్టాను.

అక్కను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళితే మతిమరుపు జబ్బన్నాడు. పెరగడమే కానీ తగ్గడం ఉండదన్నాడు.

తర్వాతి శనివారం అక్క ఒక పొడుపుకథ వేసింది. గంట తర్వాత మళ్ళీ అదే వేసింది. పళ్ళ డాక్టరు ఏమీ ఎరగనట్టు తల గోక్కున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, టక్కున జవాబు చెప్పేశాను. అక్క నా మొహంలోకి చూసింది.

"ఇది ఇందాకే అడిగానా?"

ముగ్గురం పాచికల వంక చూశాం.

"నా మీద జాలితో ఆడుతున్నారా?"

పాచికలన్నీ బిస్కెట్ల డబ్బాలో వేసి, మూతపెట్టి నా చేతికిచ్చింది. "తీసుకుపో. ఇంకెప్పుడూ తేకు."

ఆ తర్వాత రెండు వారాలు అక్క కిటికీ దగ్గరి కుర్చీలోంచి లేవలేదు. ఫోను మోగినా ఎత్తలేదు. జబ్బుకంటే ఆ కుర్చీ అంటేనే నాకు భయం వేసింది. అక్క మళ్ళీ బల్ల దగ్గరికి రాకపోతే ఇక మాకు దక్కదనిపించింది.

భయం ముదిరితే నాకు కోపమొస్తుంది. షాపులో మిగిలిన గుడ్డతో అట్ట వేసి, లావు దారంతో ఒక నోటుపుస్తకం కుట్టాను. మూడో శనివారం దాన్నీ డబ్బానీ తీసుకెళ్ళి అక్క ఒళ్ళో పడేశాను.

"ఇవాళ్టి నుంచి కథ నేను నడుపుతా. నా మాంత్రికుణ్ణి నువ్వు తీసుకో."

"నాకేం గుర్తుండట్లేదే."

"వాడికి మాత్రం ఉంటుందా? ఇరవయ్యేళ్ళు ఆ రూలుతో నా ప్రాణం తీశావు. రాసుకో, పొద్దున్నే చదువుకో. నీకో రూలూ నాకో రూలూనా?"

అక్క చాలాసేపు ఆ కుట్లు తడిమి చూసింది. తర్వాత నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది కానీ కోపంగా ఉన్నట్టే నటించాను.

కథ నడపడం నాకు బొత్తిగా చేతకాదు. మొదటిరోజే మరుగుజ్జుల చేత సముద్రంలో ఈత కొట్టించాను. పొద్దున ఏం తిన్నదో చెప్పలేని అక్క, ఏ నవలలో ఏ మరుగుజ్జు నీళ్ళు చూసి పారిపోయాడో ఏకరువు పెట్టి నా పరువు తీసింది. డ్రైవరు పడీపడీ నవ్వాడు. అంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

మొన్న శనివారం వెళ్ళి తలుపు తట్టాను. అక్క తలుపు తీసి మర్యాదగా నవ్వింది.

"ఎవరు కావాలండీ?"

పుట్టి బుద్ధెరిగి అక్క నన్ను 'అండీ' అనగా వినలేదు. డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాను. అక్క చూపు ఆ డబ్బా మీద ఆగింది. "ఒక్క నిమిషం" అని లోపలికి వెళ్ళి, నేను కుట్టిన నోటుపుస్తకం తెచ్చుకుంది. అక్షరాల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివింది. నాకు తలకిందులుగా కనిపించినా అది అక్క చేతిరాతేనని తెలుస్తూనే ఉంది.

శనివారం బిస్కెట్ల డబ్బాతో వచ్చేది చెల్లెలు. కోపిష్టిది. గుమ్మంలో నిలబెట్టొద్దు.

అక్క పుస్తకం మూసి నా చెయ్యి పట్టుకుంది.

"పొద్దున్నుంచీ నిన్ను తలుచుకుంటూనే ఉన్నట్టున్నానే. ఆ మంత్రం కాస్తా వాడేశాను," అంది. "మళ్ళీ చదువుకున్నాగా. రా లోపలికి."