ఖ్లా పాటల్లో ఖాళీలు

మా మేనకోడలు డాఫీ బ్యాండు పేరు ఖ్లా. అంటే పులి. మామూలు పులి అరిస్తే అడవిలో జంతువులు బెదురుతాయి. ఈ ఖ్లా అరిస్తే మా ఊరు సోహ్రాలో కొండలే కాస్త వెనక్కి జరిగేవి. నమ్మకపోతే వచ్చి చూడండి, మా అమ్మ ఇంటి వెనక లోయ మునుపటికంటే వెడల్పుగా ఉంటుంది.

డాఫీ లావు తీగల గిటార్ వాయిస్తూ పాడుతుంది. డ్రమ్ములు సిల్బోర్‌వి, సన్న తీగల గిటార్ కిర్షాన్‌ది. ముగ్గురూ సాధన చేసేది మా అమ్మ ఇంటిని ఆనుకున్న రేకుల గదిలో. ఆ ఏడాది జనవరిలో అమ్మ ఆ గది ఖాళీ చేయమంది. చీపురుగడ్డి కోతలు మొదలయ్యాయి, కట్టలు పెట్టుకోవాలంది. అసలు సంగతి అది కాదని అందరికీ తెలుసు.

"అది పాటా? గిన్నెల అటక కూలుతున్నట్టుంది," అంది నాతో. "కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. ఒక్కటి పెట్టింది గానీ, పగలగొడితే లోపల సొన ముందే గిలక్కొట్టి ఉంది."

ఊళ్లో ఈ ముగ్గురికీ గది ఇచ్చేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. ఈ గది పోతే బ్యాండు పోయినట్టే. డాఫీ ఏడవలేదు. మిగతా ఇద్దర్నీ వెంటేసుకుని వచ్చి, నేను షిల్లాంగ్‌కి మనుషుల్ని తిప్పే సూమోకి అడ్డంగా నిలబడింది.

మా ఆచారం ప్రకారం నేనుండేది నా భార్య వాళ్లింట్లో. అయినా అమ్మ ఇంట్లో పేచీ వస్తే మేనమామగా మాట చెప్పాల్సింది నేనే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంటివాళ్లంతా ఈ గది సంగతి తేల్చడానికి కూర్చోబోతున్నారు.

"మామా, మా తరఫున మాట్లాడు."

"ఏమని మాట్లాడనే? మీ పాటలో తలేదో తోకేదో నాకే తెలీదు. తెలీకుండా బాగుందంటే మీ అమ్మమ్మ నా మొహం చూసే పట్టేస్తుంది."

"అయితే విను. విన్నాకే చెప్పు," అని పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టింది. నవంబరులో గౌహతి వెళ్లి స్టూడియోలో రికార్డు చేసుకొచ్చిన పాటలు.

"ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"రెండోది పెట్టు బాహ్," అన్నాడు సిల్బోర్. మా దగ్గర అన్నని బాహ్ అంటారు, అక్కని కాంగ్ అంటారు. "డ్రమ్ము గుండెల్లోకి దూరుతుంది."

"దూరితే ఆయన భార్యకి నువ్వు చెప్తావా సమాధానం? చివరిది పెట్టుకో బాహ్, నెమ్మదిగా ఉంటుంది," అన్నాడు కిర్షాన్.

"నెమ్మదా? నువ్వు అందులో నిద్రపోయావు. అందుకే నెమ్మది."

వాళ్లు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు, నేను షిల్లాంగ్ వెళ్లి వచ్చేశాను.

ఆ వారమంతా సూమోలో అవే పాటలు. రెండోది పెడితే ఒక ముసలాయన బండి ఇంజిన్ పోయిందనుకుని, తోయడానికి దిగిపోయాడు. చివరిది పెడితే, ఎక్కినప్పటినుంచి ఏడుస్తున్న పసిపిల్ల ఊరుకుంది గానీ తల్లి ఏడుపు మొదలెట్టింది. నాకు మాత్రం ఎటునుంచీ దారి దొరకలేదు. గట్టిగా ఉందని కాదు. మధ్యమధ్యలో ఏమీ లేదు. డ్రమ్ము ఒక దెబ్బ కొట్టి ఎవరి కోసమో ఎదురుచూస్తుంది. గిటార్ ఒక ముక్క పలికి నోరు మూసుకుంటుంది.

"బాహ్, ఈ పాటకి పళ్లు ఊడినట్టున్నాయి," అన్నాడు వెనక సీట్లోంచి ఒకడు.

శనివారం పొద్దున దారిలో, పంది మాంసంతో వండే జాదోహ్ అన్నం అమ్మే కాంగ్ బిన్‌రీ కొట్టు దగ్గర ఆగాను. బండి తలుపులు తెరిచే ఉన్నాయి, లోపల రెండో పాట మోగుతూనే ఉంది. కాంగ్ బిన్‌రీ మూకుడులో కాగిన నూనెలోకి పంది మాంసం ముక్కలు జారవిడిచింది. చుర్రుమంది.

పాట నిండిపోయింది.

డ్రమ్ము ఎదురుచూస్తున్నది ఆ చుర్రు కోసమే అన్నట్టుంది. గిటార్ మాట అప్పగిస్తే అది అందుకుంది, డాఫీ గొంతు దాని మీద తేలింది. నేను బల్ల మీద దరువేస్తున్నానని కాసేపటికి గానీ తెలియలేదు. ఇంతలో కాంగ్ మూకుడు మీద మూత పెట్టింది. పాటకి మళ్లీ పళ్లు ఊడాయి.

"కాంగ్, మూత తీయి."

"ఎందుకు?"

"పాట కోసం."

"పొద్దున్నే తాగొచ్చావా బాహ్ తేబోర్?"

"తీసి ఇంకో గుప్పెడు వెయ్యి. ఎంత వేయిస్తే అంత నేనే తింటాను."

"నువ్వు తింటానంటే నాకేం నొప్పి," అని వేసింది. అన్ని పాటలూ అలా పూర్తిగా విని లేచేసరికి సగం పంది నా కడుపులో ఉంది. సూమో ఆ రోజంతా నేను కూర్చున్న వైపుకే ఒరిగి నడిచింది.

కానీ విషయం తెలిసిపోయింది. పిల్లలు ఆ పాటలు కట్టింది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, ఆ రేకుల కింద. ఆ నెలల్లో మా ఊళ్లో ఇంట్లో ఉప్పు అడిగితే గొడుగు తెచ్చిస్తారు, అంత వాన హోరు. వాళ్లకి తెలియకుండానే వాన వాయించే చోట వాళ్లు ఆగారు. నవంబరులో, చుక్క వాన లేనప్పుడు, గోడలకి మెత్తలు కొట్టిన గదిలో కూర్చుని మిగిలింది మాత్రం రికార్డు చేశారు. వాళ్ల చెవుల్లో వాన ఉండనే ఉంది కాబట్టి ఏదో తక్కువైందని వాళ్లకి తట్టలేదు.

వెళ్లి డాఫీకి చెప్పాను. తలెత్తి రేకుల కప్పు వైపు చూసింది.

"మేం ముగ్గురమే అనుకున్నాం మామా," అంది.

ఆదివారం ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. మార్చి దాకా వాన ఆశ లేదు. ఇంటివాళ్లంతా రేకుల గదిలో ముక్కాలి పీటలు వేసుకుని కూర్చున్నారు. అమ్మ వక్క నములుతూ నా వైపు చూసింది. "చెప్పు, ఏమంటావు?"

"నేను చెప్పడం ఎందుకు, మీరే వినండి," అని బయటికొచ్చి, నిచ్చెన వేసుకుని ఇసుక బస్తాతో కప్పెక్కాను. లోపల డ్రమ్ము మొదలవగానే రేకుల మీద ఇసుక జల్లడం మొదలెట్టాను. ముందు సన్నగా, తర్వాత రెండు చేతులా. ఏటవాలు రేకు మీద ఇసుక జారుతుంటే జూన్ నెల వచ్చి కూర్చున్నట్టే ఉంది. పక్కింటివాళ్లు ఎండలో నిలబడి గొడుగులు విప్పారు.

ఒక చోట మేకు ఊడిన బొక్క ఉంటే కన్ను పెట్టి చూశాను. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. పాదం నేల మీద ఆడుతోంది. ఉన్నట్టుండి మా చెల్లిని కసిరింది. "తీగ మీద బట్టలు తీయవే, తడిసిపోతున్నాయి."

చెల్లి పరుగెత్తుకొచ్చి, ఎండలో ఆరుతున్న బట్టల్నీ కప్పు మీద నన్నూ చూసి, నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోయింది.

పాట అయింది. అమ్మ కళ్లు తెరిచింది.

"చీపురుగడ్డి నా మంచం కింద పెట్టుకుంటాలే," అంది. "కానీ వాన ఉంటేనే వాయించాలి. వాన లేకుండా వినబడిందో, ఆ రోజే గది ఖాళీ."

"మరి మార్చి దాకా ఏం చేయాలి అమ్మమ్మా?" అంది డాఫీ.

అమ్మ వక్కని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చి, పైకి, సరిగ్గా నా కంటి వైపు చూసింది.

"మీ మామ లేడూ?"

నేను గబగబా దిగబోయాను. నిచ్చెన లేదు. సిల్బోర్ దాన్ని భుజాన వేసుకుని పోతున్నాడు.

"ఉండు బాహ్," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ఇంకో బస్తా తెస్తాను. చివరి పాటకి వాన ఎక్కువ పడుతుంది."