ఎలుగుబంటికి లేని దోషం

మూడేళ్లుగా పిల్లల చానల్లో నేను ఉడుతని. బొమ్మ వాళ్లది, గొంతు నాది. సాయంత్రం ఆ కార్టూన్ మొదలైతే మా వీధి పిల్లలు ఎదురుగా పళ్లెం పెట్టినా ముట్టరు. ఉడుతకు జోడీగా ఒక ఎలుగుబంటి ఉంటుంది. దానికి గొంతిచ్చేది మా బాబాయి. సొంత బాబాయేం కాదు, డబ్బింగ్‌లో నాకన్నా పెద్దవాడని అలా పిలుస్తాను.

ఆ రోజు రికార్డింగ్‌కి వెళ్లేసరికి మైకు ముందుండాల్సిన నా డైలాగు కాగితాలు ప్రొడ్యూసర్ చేతిలో ఉన్నాయి. బాబాయి ఓ మూల గోరువెచ్చని నీళ్లు తాగుతున్నాడు.

"కూర్చోమ్మా. పిల్లల తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. పెద్దల సినిమాలకి డబ్బింగ్ చెప్పావట?"

"చెప్పాను. దాచలేదే! ఆ హీరోయిన్ల ఏడుపులు, కేకలు అన్నీ నావే."

"అదే మరి. అలాంటి గొంతు పిల్లలు వినడమేంటని వాళ్ల బాధ."

నాకు ఒళ్లు మండిపోయింది.

"మరి ఆ హీరోయిన్ల వెంటపడి, గదిలోకి లాగి గొళ్లెం పెట్టే విలన్ గొంతెవరిది? ఇదిగో, ఈ బాబాయిదే! ఇదే గదిలో, పక్కపక్కనే నిలబడి చెప్పాం. ఆయన పకపకా నవ్వితే నేను కెవ్వుమనేదాన్ని."

"ఆయన సంగతి వేరమ్మా. అది నటన."

"నాదేమో నిజమా?"

"మగాడు కదా, ఎవరూ పట్టించుకోరు."

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అన్నారా! బాబాయి వైపు తిరిగాను. "మీరైనా ఒక్క మాట చెప్పండి బాబాయ్."

"నన్నెందుకు లాగుతావమ్మా? పిల్లలు గలవాణ్ణి."

"నా కూతురేమన్నా చెట్టుకి కాసిందా?"

ఆయన మళ్లీ నీళ్లు తాగాడు. ప్రొడ్యూసర్ మెల్లగా అసలు సంగతికొచ్చాడు. "ఓ పని చేద్దాం. గొంతు నీదే ఉంచుదాం. టైటిల్స్‌లో పేరు తీసేద్దాం. ఎవరికీ తెలీదు."

ఓరి వీళ్ల తెలివి తగలెయ్య! నా గొంతు పిల్లలకు పనికొస్తుందట, నా పేరే పనికిరాదట.

"పేరుంటేనే ఉడుత. లేదంటే మీరే కిచకిచమనండి" అని వచ్చేశాను. వీధి మలుపు తిరిగాక మాత్రం ఏడుపు ఆగలేదు. ఆ ఉడుతంటే నాకు ప్రాణం.

వారం తిరక్కుండానే కొత్త గొంతు వచ్చింది. టీవీ ముందు కూర్చున్న నా కూతురు మొదటి మాటకే నా వైపు తిరిగింది.

"ఇది నువ్వు కాదు."

"కాదమ్మా. మానేశాను."

"ఎందుకు?"

ఒకటో తరగతి పిల్లకి ఏమని చెప్పను? "ఏవో సినిమాల్లో భయపడి కేకలేశాలే. అలా అరిచినందుకు నన్ను వద్దన్నారు."

"ఎందుకు భయపడ్డావు?"

"ఎలుగుబంటి గొంతు తాతయ్య ఉన్నాడు కదా, ఆ సినిమాల్లో ఆయన భయపెట్టాడు."

పిల్ల తెర మీది ఎలుగుబంటి వంక చూసింది. "మరి భయపెట్టినాయన్ని కదా వద్దనాలి?"

దాన్ని దగ్గరకు తీసుకున్నాను. కార్టూన్ అయిపోయింది. ఎలుగుబంటి తెర ముందుకొచ్చి, బాబాయి గొంతుతో పిల్లలందరికీ ముద్దుముద్దుగా టాటా చెప్పింది. నా కూతురు చెయ్యి ఊపలేదు.